మా సాయంత్రాలు కొన్ని మాకు విడిచిపెట్టండి: బెంగళూరు తెలుగు సంఘాల కాపరులకు, పెద్దలకు బహిరంగ లేఖ

బెంగళూరులోని తెలుగు సంఘాల కాపరులకు, సంఘ పెద్దలకు, కమిటీ సభ్యులకు,

ప్రభువైన యేసుక్రీస్తు నామమున వందనాలు.

మారతహళ్ళి, కె.ఆర్.పురం, వైట్‌ఫీల్డ్, బి.టి.ఎం., ఎలక్ట్రానిక్ సిటీ, హెబ్బాళ, ఎక్కడికి వెళ్ళినా ఆదివారం పొద్దున తెలుగు పాట వినిపిస్తుంది. అనంతపురం, కర్నూలు, కడప, చిత్తూరు వైపు నుంచి కట్టడం పనికి వచ్చినవాళ్ళు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు, నర్సులు, క్యాబ్ డ్రైవర్లు పక్కపక్కన కూర్చుని ఒకే రొట్టె పంచుకునే చోటు ఈ నగరంలో సంఘం తప్ప వేరే లేదు. అద్దె హాళ్ళలో, మేడ మీది రేకుల షెడ్లలో మొదలైన ఆ సంఘాలను నిలబెట్టింది మీ ప్రయాస. అది తెలిసినవాళ్ళం కాబట్టే ఇంత చనువుగా రాస్తున్నాం.

మా మనవి ఒక్కటే. విశ్రాంతి గురించి, కుటుంబం గురించి పల్పిట్ మీద నుంచి మంచి మాటలు వింటున్నాం. గోడకు వేలాడే కూడికల పట్టిక మాత్రం ఆ మాటలు ఆచరణలోకి రాకుండా చేస్తోంది. దయచేసి ఆ పట్టికను మార్చండి.

ముందు లెక్క చూద్దాం. వారానికి 168 గంటలు. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగం చేసే ఇంట్లో ఒకరి వారం తీసుకోండి. రాత్రికి ఏడున్నర గంటలు పడుకుంటే 52 గంటల 30 నిమిషాలు నిద్రకు పోతాయి. రోజుకు 9 గంటల చొప్పున ఆఫీసుకు 45. సిల్క్ బోర్డు నుంచి కె.ఆర్.పురం సుమారు 18 కిలోమీటర్లే, కానీ పోను గంటంపావు, రాను గంటంపావు వేసుకోవాలి, ఐదు రోజులకు పన్నెండున్నర. వంట, తిండి, స్నానం, గిన్నెలు, పిల్లల చదువు కలిపి రోజుకు 4 గంటలు, అంటే 28. సరుకులు, బ్యాంకు, ఆసుపత్రి, ఇంటి మరమ్మతులకు ఇంకో 5. మొత్తం 143. మిగిలేవి 25 గంటలు.

ఇప్పుడు సంఘం పట్టిక. ఆదివారం ఆరాధనకు తయారవడం, ప్రయాణం కలుపుకుని ఐదున్నర గంటలు. బుధవారం గృహ కూడిక రెండున్నర. శుక్రవారం ఉపవాస ప్రార్థన 3. శనివారం పాటల ప్రాక్టీసు రెండున్నర. ఆదివారం సాయంత్రం యవనస్థుల కూడికో స్త్రీల కూడికో 2. నెలకోసారి ఆల్ నైట్ ప్రేయర్ 7 గంటలు, వారానికి పంచితే ఒకటిముప్పావు. కూడితే 17 గంటల 15 నిమిషాలు. ఇక ఆ మనిషి చేతిలో ఉన్నది వారానికి 7 గంటల 45 నిమిషాలు, రోజుకు గంట దాటి కొద్ది నిమిషాలు. భార్యాభర్తలు మాట్లాడుకోవడం, పిల్లలతో ఆడుకోవడం, ఊళ్ళో అమ్మానాన్నలకు ఫోన్ చేయడం, కాస్త నడవడం, తలుపు వేసుకుని ఒంటరిగా మోకరించడం, అన్నీ అందులోనే. ఇంట్లో ఎవరికైనా జ్వరం వస్తే ఆ వారం నిద్రలోంచి కోత పడుతుంది. ఎప్పుడు కోసినా ముందు కోసేది నిద్రనే.

"24 గంటల్లో దశమభాగం 2 గంటల 24 నిమిషాలు దేవునిది" అనే బోధ మన తెలుగు సంఘాల్లో చాలా ప్రచారంలో ఉంది. దీన్ని మెల్లగా వదిలిపెట్టాలని కోరుతున్నాం. లేవీయకాండం 27లో దశమభాగం చెప్పింది భూమి పంటకు, చెట్ల పండ్లకు, పశువుల మందకు. కాలానికి లేఖనం ఇచ్చిన కొలత వేరు: ఆరు రోజుల పని, ఒక రోజు విరామం. పోనీ ఆ లెక్కనే పట్టుకున్నా, 168లో పదో వంతు 16 గంటల 48 నిమిషాలు. పైన వేసిన పట్టిక దాన్ని ఎప్పుడో దాటింది. అందులో ఇంట్లో చేసే ప్రార్థన ఒక్క నిమిషం కూడా లేదు.

విశ్రాంతి దినపు ఆజ్ఞ రెండు చోట్ల ఉంది, రెండు కారణాలతో. నిర్గమకాండం 20లో, దేవుడు ఏడో రోజున విశ్రమించాడు కాబట్టి. ద్వితీయోపదేశకాండం 5లో, మీరు ఐగుప్తులో దాసులుగా ఉన్నారు కాబట్టి. రెండో కారణం గురించి మనం తక్కువ ప్రసంగిస్తాం. ఇటుకల్లో కలిపే గడ్డి ఇవ్వడం మానేసి, ఇటుకల లెక్క మాత్రం తగ్గకూడదన్నాడు ఐగుప్తు రాజు ఫరో. అరణ్యంలోకి వెళ్ళి మా దేవుణ్ణి సేవించుకుంటామని అడిగితే, సోమరులు కాబట్టే అలా అడుగుతున్నారన్నాడు. ఆ ఇంటి నుంచి బయటికి తెచ్చినవాడు ఇచ్చిన మొదటి వరాల్లో ఒకటి సెలవు. అది యజమానికి మాత్రమే ఇవ్వలేదు, దాసుడికి, దాసికి, ఎద్దుకు, గాడిదకు, ఇంట్లో ఉన్న పరదేశికి కూడా ఇచ్చాడు. ఇది శనివారమా ఆదివారమా అన్న వాదంలోకి మేం వెళ్ళడం లేదు. రోమా 14 ఆ విషయంలో ఒకరినొకరు తీర్పు తీర్చుకోవద్దంటుంది. ఏ రోజైనా, మనిషి పని నుంచి చేయి తీసే రోజు ఒకటి ఉండాలి, అంతే.

మన దేశంలో కూడా ఆదివారం సెలవు ఎవరో దయతలచి ఇవ్వలేదు. బొంబాయి మిల్లు కార్మికుల కోసం నారాయణ్ మేఘాజీ లోఖండే ఏళ్ళ తరబడి పట్టుబడితే 1890లో వచ్చింది. తర్వాత 1948 ఫ్యాక్టరీల చట్టం 52వ సెక్షన్‌లో వారపు సెలవును హక్కుగా రాసింది. అంత కష్టపడి తెచ్చుకున్న ఆ రోజును ఉదయం 9 నుంచి రాత్రి 8 దాకా కూడికలతో నింపేస్తే, సోమవారం పనికి వెళ్ళే మనిషి శనివారంకంటే ఎక్కువ అలసి వెళ్తాడు.

ఇక ఒక్కొక్కటిగా చెబుతాం. అన్నిటికంటే ముందు రాత్రి ప్రార్థనలు, ఎందుకంటే ఇది ప్రాణాలకు సంబంధించింది. శుక్రవారం ఉదయం 6 గంటలకు లేచిన మనిషికి రాత్రి 11 అయ్యేసరికి 17 గంటల మెలకువ. ఆ స్థితిలో మనిషి చురుకుదనం రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్నవాడి స్థాయికి దిగిపోతుందని పరిశోధనల్లో తేలింది. మన మోటారు వాహనాల చట్టం 0.03 శాతం దాటితేనే బండి నడపొద్దంటుంది. తెల్లవారి 4 గంటలకు ఆశీర్వాదం చెప్పి పంపిస్తే, 22 గంటలుగా మేలుకుని ఉన్న తండ్రి వెనక సీట్లో భార్యను, మధ్యలో పాపను కూర్చోబెట్టుకుని ఔటర్ రింగ్ రోడ్డు మీద బండి నడుపుతాడు. ప్రార్థన చేసి వస్తున్నాడు కాబట్టి నిద్ర రాదని ఏ లేఖనమూ చెప్పలేదు. అపొస్తలుల కార్యములు 20లో త్రోయలో పౌలు అర్ధరాత్రి దాకా ప్రసంగిస్తుంటే కిటికీలో కూర్చున్న ఐతుకు గాఢనిద్రలో మూడో అంతస్తు నుంచి పడిపోయాడు. ఆ గ్రంథం రాసిన లూకా ఆ యువకుడి భక్తిని తప్పుపట్టలేదు.

రాత్రి ప్రార్థన తీసేయమని అడగడం లేదు. మూడు దారులున్నాయి. ఒకటి, సాయంత్రం 7 నుంచి 10 వరకు పెట్టి ఆపడం. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు ఆరుబయట లౌడ్‌స్పీకర్ వాడకూడదన్న 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు కూడా దీనికే సరిపోతాయి. రెండు, రాత్రంతా ఉండి తీరాలనుకునేవాళ్ళు మధ్యాహ్నం 3 గంటలైనా పడుకుని రావాలి, తెల్లవారాక చాపలు పరిచి మరో రెండు గంటలు మందిరంలోనే పడుకుని అప్పుడు బయల్దేరాలి. 12 ఏళ్ళలోపు పిల్లలను తీసుకురాకూడదు. మూడోది మాకు ఎక్కువ నచ్చింది: గొలుసు ప్రార్థన. 24 గంటలను అరగంట చొప్పున 48 ముక్కలు చేసి, 48 మందికి పంచండి. ఎవరింట్లో వాళ్ళు మోకరిస్తారు. రాత్రి 1 నుంచి 4 మధ్య ముక్కలను ఎలాగూ మేలుకుని ఉండే నైట్ షిఫ్ట్ నర్సులకు, సెక్యూరిటీ గార్డులకు, అమెరికా వేళల్లో పనిచేసేవాళ్ళకు ఇవ్వండి. ఆదివారం రాలేక, కూడికల్లో కనబడక, చల్లారిపోయారని పేరు పడ్డవాళ్ళు వాళ్ళే. సంఘం నిద్రపోతుంటే కావలి కాసే భాగ్యం వాళ్ళకు దక్కుతుంది. ఒక్క జాగ్రత్త: తన అరగంట అయ్యాక తర్వాతివాళ్ళకు ఫోన్ చేసి లేపే పద్ధతి పెట్టొద్దు. ఒకరు ఎత్తకపోతే ముందువాళ్ళు గంటసేపు కూర్చోవాల్సి వస్తుంది. ఎవరి అలారం వాళ్ళదే.

ఉపవాసం గురించి ఒక ప్రకటన ప్రతి నెలా పల్పిట్ మీద నుంచే రావాలి. ఇన్సులిన్ తీసుకునేవాళ్ళు, గ్లిమెపిరైడ్ లాంటి షుగర్ మాత్రలు వేసుకునేవాళ్ళు డాక్టరును అడగకుండా పూట మానకూడదు. షుగర్ 70 కంటే దిగితే, చెమటలు పట్టి చేతులు వణికితే, అప్పటికప్పుడు మూడు నాలుగు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి తాగించాలి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు చేయకూడదు. కాపరి నోటితో చెప్పకపోతే వాళ్ళు ఆగరు, విశ్వాసం తక్కువని అనుకుంటారేమోనన్న భయంతో చేస్తూనే ఉంటారు. యెషయా 58 కూడా ఒక్కసారి చదివి వినిపించండి: ఉపవాస దినాన పనివాళ్ళచేత కఠినమైన పని చేయించుకునేవాళ్ళ ఉపవాసాన్ని దేవుడు లెక్కలోకి తీసుకోలేదు.

గృహ కూడిక మంచి ఏర్పాటు. దాన్ని పాడు చేస్తున్నవి రెండు: మొదలయ్యే వేళ, టిఫిన్. రాత్రి 8న్నరకు మొదలై 10న్నరకు ముగిస్తే, ఉదయం 6కు లేచి బడి బస్సు ఎక్కాల్సిన పిల్ల 11న్నరకు పడుకుంటుంది. 6 నుంచి 12 ఏళ్ళ పిల్లలకు 9 నుంచి 12 గంటల నిద్ర కావాలి, ఆ పిల్లకు దొరికింది ఆరున్నర. 7:15కు మొదలుపెట్టి 8:30కు ముగించండి. ఆలస్యంగా వచ్చేవాళ్ళు మధ్యలో వచ్చి కూర్చుంటారు, వాళ్ళ కోసం ఆగితే వచ్చే వారం అందరూ ఆలస్యంగానే వస్తారు. ఇక టిఫిన్. ఒకరింట్లో ఉప్మా, కేసరి పెడితే మరుసటి వారం ఇంకొకరింట్లో బజ్జీలు, బిర్యానీ. పాతికమందికి వండిన ఇల్లాలు ప్రార్థనకు కూర్చోదు, వంటింట్లోంచి ఆమేన్ అంటుంది. మా ఇంట్లో పెట్టుకోలేమని వెనక్కి తగ్గే పేద కుటుంబాలు కూడా ఉన్నాయి. టీ, బిస్కెట్లు తప్ప ఏమీ పెట్టకూడదని సంఘం ఒక తీర్మానం చేస్తే యేసు ఇంటికి వస్తే పనుల్లో మునిగిపోయిన మార్తలాంటి ఆ ఇల్లాలు, ఆయన పాదాల దగ్గర కూర్చుని విన్న మరియ పక్కన ఆ సాయంత్రం కూర్చోగలుగుతుంది. ఇంకో మాట, ఇంటి దూరం 3 కిలోమీటర్లు దాటకుండా ఏరియాలవారీగా పంచండి. హెచ్.ఎస్.ఆర్. లేఅవుట్ వాళ్ళను వారం మధ్యలో సాయంత్రం ఏడింటికి కగ్గదాసపురకు రమ్మనడం రోడ్డు మీదే రెండు గంటలు పోగొట్టుకోమనడమే.

ఆదివారం ఆరాధన మూడున్నర గంటలు సాగుతున్న చోట ప్రసంగం నిజంగా ఉండేది 40 నిమిషాలే. మిగతా సమయం చిల్లుపడ్డ కుండలో నీళ్ళలా కారిపోతోంది. కీబోర్డు, మైకుల సర్దుబాటు అందరూ కూర్చున్నాక మొదలవుతుంది. దాన్ని అరగంట ముందే ముగించాలి. ప్రకటనలు ఒక్కొక్కరు లేచి చెబితే 20 నిమిషాలు; శనివారం సాయంత్రం 6కు ఒకే వాట్సాప్ సందేశంగా పంపి, మందిరంలో 3 నిమిషాల్లో ముఖ్యమైన రెండు చెబితే చాలు. సాక్ష్యాలు వారానికి ముగ్గురు, ముందే పేరు ఇచ్చినవాళ్ళు, ఒక్కొక్కరు 3 నిమిషాలు. అతిథి బోధకులకు ముగించాల్సిన సమయం రెండు రోజుల ముందే రాసి పంపండి, వేదిక మీద చీటీ ఇస్తే వాళ్ళకూ ఇబ్బంది. గడియారం పల్పిట్‌కు ఎదురు గోడ మీద ఉండాలి. పాటలు 25, ప్రార్థన 10, వాక్య పఠనం 5, సాక్ష్యాలు 9, ప్రకటనలు 3, కానుకలు 5, ప్రసంగం 40, ముగింపు 3. వంద నిమిషాలు. ప్రభువు బల్ల (రొట్టె, ద్రాక్షరసం పంచుకునే సంస్కారం) ఉన్న ఆదివారం ఇంకో 20. ముగిశాక అరగంట అందరూ నిలబడి మాట్లాడుకోనివ్వండి. బెంగళూరులో ఒంటరిగా పి.జి.లో ఉండే పిల్లలకు ఆ అరగంటలోనే ఎవరో ఒక అక్క, ఒక అన్న దొరుకుతారు.

ప్రతి ఆదివారం ప్రేమవిందు పెట్టే సంఘాలకు ఒక సూచన. నెలకు ఒకసారి చాలు. మూడు జట్లు చేయండి, ప్రతి జట్టులో మగవాళ్ళు సగం ఉండాలి. వందమందికి బిర్యానీ వండాలంటే తెల్లవారుజామున 4 గంటలకు పొయ్యి వెలిగించాలి. 10 కిలోల బియ్యంతో పులిహోర, దానికి తోడు పెరుగన్నం అయితే చింతపండు గుజ్జు ముందు రోజే చేసిపెట్టుకోవచ్చు, నలుగురు మూడు గంటల్లో ముగిస్తారు. పెద్ద డేగిశాలు కడిగే పని పెద్దల కమిటీ తీసుకుంటే దాని ప్రభావం ఏ ప్రసంగానికీ రాదు.

సౌండ్, ప్రొజెక్టర్, సండేస్కూల్, పార్కింగ్ చూసేవాళ్ళు ఏడాదంతా వాక్యం వినకుండానే పరిచర్య చేస్తున్నారు. ప్రతి పనికి కనీసం మూడు జట్లు ఉంటే ఒక్కొక్కరికి మూడు వారాల్లో రెండు వారాలు కూర్చుని వినే అవకాశం వస్తుంది. మూడు జట్లకు మనుషులు చాలకపోతే ఆ పని మన సంఘం స్థాయికి మించిందని అర్థం, దాన్ని చిన్నది చేయండి. ఇద్దరు ముగ్గురు "నమ్మకమైనవాళ్ళ" మీదే అన్నీ మోపడం అన్నిటికంటే ఎక్కువగా జరిగే తప్పు. వాళ్ళు కాదనరు. రెండు మూడేళ్ళకు ఒక రోజు చెప్పాపెట్టకుండా మానేస్తారు, అప్పుడు వాళ్ళకోసం ప్రార్థించమని ప్రకటిస్తాం.

ఆదివారం సెలవు లేనివాళ్ళ మాట. క్యాబ్ నడిపేవాళ్ళకు ఆదివారం మంచి బేరం ఉండే రోజు. ఆసుపత్రిలో డ్యూటీ రోస్టరు మారుతూ ఉంటుంది. కొన్ని కట్టడాల దగ్గర ఆదివారం సగం పూట పని, ఆ రోజే బటవాడా. వీళ్ళను గైర్హాజరుగా లెక్కించే బదులు, వారం మధ్యలో ఒక రోజు, మంగళవారమో గురువారమో, ఉదయం 10 నుంచి 11:15 వరకు చిన్న ఆరాధన, నెలకు ఒకసారి బల్లతో సహా పెట్టండి. పదిమందే వస్తారు. ఆ పదిమందికి వారంలో దొరికే ఒకే విరామం అది. అలాగే శుక్రవారం రాత్రి కళాసిపాళ్యలోనో మెజెస్టిక్‌లోనో బస్సెక్కి, ముసలి తల్లిదండ్రులను చూడటానికి హిందూపురమో మదనపల్లెనో వెళ్ళేవాళ్ళను సోమవారం ఫోన్ చేసి మందలించొద్దు. తల్లిదండ్రులను సన్మానించమన్నది కూడా పది ఆజ్ఞల్లోదే.

కాపరులారా, మీ విశ్రాంతి గురించి మీరు అడగరు కాబట్టి మేం అడుగుతున్నాం. ఆదివారం మీకు పనిరోజు. సోమవారం మీ సెలవు అని సంఘం తీర్మానించి బోర్డు మీద రాయాలి. ఆ రోజు ఫోను ఇద్దరు పెద్దల దగ్గర వంతులవారీగా ఉంటుంది. మరణం, ప్రమాదం, ఆసుపత్రిలో చేర్పించడం, ఈ మూడు తప్ప దేనికీ మిమ్మల్ని పిలవరు. గృహప్రవేశాలు, పుట్టినరోజు ప్రార్థనలు పెద్దలు చేయవచ్చు. మోషే పొద్దున నుంచి సాయంత్రం దాకా ఒక్కడే కూర్చుని తీర్పు తీరుస్తుంటే మామ యిత్రో చూసి, నీవూ నీ ప్రజలూ నలిగిపోతారు అన్నాడు. వెయ్యిమందికి, వందమందికి, యాభైమందికి, పదిమందికి ఒకరిని నియమించమన్నాడు. అలసిన కాపరితో పాటు ప్రజలు కూడా నలుగుతారన్నది ఆ మాటలో మనం వదిలేస్తున్న భాగం. 40 నిమిషాల ప్రసంగం సిద్ధం కావాలంటే కనీసం 8 గంటలు కూర్చోవాలి. వారంలో ఆరు సాయంత్రాలు కూడికలు, పగలంతా సందర్శనలు అయితే ఆ 8 గంటలు శనివారం రాత్రి నుంచి తీయాలి. ఆదివారం ఆ అలసట మాకు కనబడుతూనే ఉంటుంది. మీ ఇంటి అమ్మగారి, అంటే కాపరి భార్య సంగతి వేరే చెప్పాలా? ఇంటికి వచ్చిన ప్రతివారికీ టీ కాచే ఆమె పొయ్యి సోమవారమైనా ఆరనివ్వండి.

సాయంత్రాలు వదిలేస్తే జనం సీరియళ్ళు, రీల్స్ చూస్తూ కూర్చుంటారని కొందరు పెద్దలు అంటారు. కొంత నిజమే. ఊడ్చి ఖాళీగా ఉంచిన ఇంట్లోకి వెళ్ళిపోయిన దయ్యం ఇంకా చెడ్డవాటిని వెంటబెట్టుకుని వస్తుందని ప్రభువే చెప్పాడు. అందుకే తీసేసిన కూడిక స్థానంలో ఇంట్లో ఏం చేయాలో నేర్పాలి. "కుటుంబ ప్రార్థన చేసుకోండి" అని చెబితే చాలదు.

ఆదికాండం మొదటి అధ్యాయంలో రోజు సాయంకాలంతో మొదలై ఉదయంలోకి నడుస్తుంది. అంటే మన రోజు నిద్రతో మొదలవుతుంది, దేవుడు పని చేస్తుండగా మనం పడుకుంటాం. వేకువ ప్రార్థన చేయాలనుకునేవాళ్ళకు ముందు ఇది నేర్పండి: లేచే వేళను కాదు, పడుకునే వేళను నిర్ణయించుకోవాలి. 12కు పడుకుని 4న్నరకు లేచే తీర్మానం పది రోజులు నిలవదు. 5కు లేవాలంటే 9:45కు దీపం ఆర్పాలి. ఇప్పుడు 11న్నరకు పడుకుంటుంటే మూడు రోజులకు 15 నిమిషాల చొప్పున ముందుకు జరపండి. ఏడు మెట్లు, మూడు వారాల్లో చేరుకుంటారు. ఫోను హాల్లో ఛార్జింగ్‌కు పెట్టి, పడకగదిలో మామూలు అలారం గడియారం పెట్టుకోవాలి. అలారం కోసం ఫోన్ తీసుకెళ్ళినవాళ్ళు వాట్సాప్‌తోనే లేస్తారు. సంఘం గ్రూపులో ఉదయం 7 కంటే ముందు, రాత్రి 9 తర్వాత ఏమీ పంపకూడదని మీరు నియమం పెడితే సగం సాయం చేసినట్టే.

కుటుంబ ప్రార్థనకు 12 నిమిషాలు చాలు. పాట రెండు చరణాలు 3 నిమిషాలు, ఎనిమిది పది వచనాలు 3, పిల్లలు ఒక ప్రశ్న అడగడానికి 2, ప్రార్థన 4. దీన్ని గడియారానికి కట్టొద్దు. రాత్రి 8 గంటలకు అని పెట్టుకుంటే ట్రాఫిక్‌లో ఎవరో ఒకరు ఇరుక్కుంటారు, వారంలో మూడు రోజులు తప్పుతుంది, నాలుగో రోజు మానేస్తారు. కంచాలు తీసిన వెంటనే అని పెట్టుకుంటే ఎప్పుడు తిన్నా ప్రార్థన దాని వెనకే వస్తుంది. పొడవైన ప్రార్థన పెద్దవాళ్ళు తమ గదిలో చేసుకోవచ్చు. ఐదేళ్ళ పిల్లవాడిని అరగంట మోకాళ్ళ మీద ఉంచితే వాడికి ప్రార్థన అంటే మోకాళ్ళ నొప్పిగా మిగిలిపోతుంది. బైబిలు పఠనంలో కూడా అంతే. 1189 అధ్యాయాలు ఏడాదిలో ముగించాలంటే రోజుకు మూడు దాటి చదవాలి; ఫిబ్రవరిలో లేవీయకాండం దగ్గర ఆగిపోయినవాళ్ళు సిగ్గుతో మళ్ళీ తెరవరు. కొత్త నిబంధనలో 260 అధ్యాయాలు. వారానికి ఐదు రోజులు, రోజుకు ఒకటి చదివితే సరిగ్గా 52 వారాల్లో ముగుస్తుంది. మిగతా రెండు రోజులు తప్పినవి చదువుకోవడానికి. కొత్త ఏడాది ఇలాంటి పట్టిక ముద్రించి ఇవ్వండి.

విశ్రాంతి దినం ఇంట్లో ఆచరించడంలో జరిగే పెద్ద పొరపాటు సిద్ధపాటు లేకపోవడం. అరణ్యంలో దేవుడిచ్చిన ఆహారమైన మన్నాను ఆరో రోజున రెండింతలు కూర్చుకున్నారు కాబట్టే ఏడో రోజు గుడారంలో ఉండగలిగారు. సిద్ధపాటు రోజు లేని విశ్రాంతి దినం ఇంటి ఆడవాళ్ళకు రెండింతల పని. శనివారం సాయంత్రం 6 కల్లా దోసెల పిండి రుబ్బడం, బట్టలు ఉతకడం, ఇస్త్రీ, బడి సంచులు, పెట్రోలు, కూరగాయలు అయిపోవాలి, భర్త పిల్లలు కలిసి చేస్తేనే అవుతుంది. మొదట 24 గంటలు పెట్టుకోవద్దు. శనివారం సాయంత్రం 6 నుంచి 10 దాకా నాలుగు గంటలు చేయండి: కలిసి భోజనం, ఫోన్లు అల్మారాలో, నడక, ఆటలు, తొందరగా నిద్ర. నెల రోజులు నిలిచాక ఆదివారం మధ్యాహ్నం దాకా పెంచండి, తర్వాత సాయంత్రం దాకా. ఆ రోజు ఇంటి పనికి వచ్చే అమ్మకు జీతం కోయకుండా సెలవు ఇవ్వండి. ఆజ్ఞలో దాసి కూడా ఉంది.

ఇదంతా ఒక్కసారిగా చేయలేరు. 13 వారాలు, ఒక త్రైమాసికం, ప్రయత్నించి చూడమని అడుగుతున్నాం. మొదటి వారం ప్రతి ఇంటికీ ఏడు నిలువు, 24 అడ్డం గళ్ళున్న కాగితం ఇచ్చి, పేరు రాయకుండా తమ వారాన్ని నింపమనండి. రెండో వారం పెద్దలు గంటన్నర కూర్చుని, ఒక్కో కూడికకు ఎంతమంది వస్తున్నారు, ప్రయాణంతో ఎన్ని గంటలు, రెండూ గుణిస్తే ఎంత అని రాయండి. 40 మంది, 3 గంటలు అంటే 120 గంటలు. ఆ 120 గంటలతో సంఘం ఏం పొందుతోందో నిజాయితీగా మాట్లాడుకోండి. మూడో వారం నుంచి ఆదివారం కాక వారానికి ఒక్క సాయంత్రమే పెట్టండి. తీసేసిన కూడికలు "ప్రత్యేక" అనే పేరుతో తిరిగి వస్తాయి, ఎక్కడైనా ఇదే జరుగుతుంది. కొత్తది పెట్టాలంటే ఒక పాతది ఆపాలని, ప్రతి ప్రత్యేక కూడికకు ముగింపు తేదీ ఉండాలని ముందే రాసుకోండి. కానుకలు తగ్గుతాయన్న దిగులు ఉంటే ఆ లెక్క కూడా 13 వారాలు రాసి చూడండి.

ఏడాది పట్టికలో రెండు చోట్ల ప్రత్యేకంగా చేయి పెట్టాలి. శ్రమ దినాలు (ఈస్టరుకు ముందు వచ్చే లెంటు రోజులు) పిల్లల పరీక్షల నెలల మీదే పడతాయి. పది, పన్నెండు తరగతుల పిల్లలున్న ఇళ్ళకు ఆ సాయంత్రపు కూడికల నుంచి మీరే మినహాయింపు ప్రకటించండి. డిసెంబరులో కేరల్స్ రాత్రి 2 దాకా తిరగడం ఆపి 10కు ముగించండి, సెమీ క్రిస్మస్ ఒక్కటి చాలు, 31 రాత్రి ఆరాధనకు వచ్చినవాళ్ళను జనవరి 1న 9 గంటలకు మళ్ళీ రమ్మనకుండా 11కు పెట్టండి.

ఏలీయా బదరీ వృక్షం కింద చావు కోరుకుని పడుకున్నప్పుడు దూత వచ్చి ముందు ప్రసంగించలేదు. లేపి రొట్టె, నీళ్ళు ఇచ్చాడు. ప్రవక్త తిని మళ్ళీ పడుకున్నాడు. రెండోసారి లేపి, నీ శక్తికి మించిన ప్రయాణం ఉంది, తిను అన్నాడు. హోరేబు కొండ మీద దేవుడు అతనితో మాట్లాడింది ఆ తర్వాతే.

గళ్ళ కాగితం నమూనా, గొలుసు ప్రార్థన పట్టిక, 260 అధ్యాయాల పట్టిక తెలుగులో సిద్ధంగా ఉన్నాయి. అడిగిన సంఘానికి ముద్రించి ఇస్తాం. పెద్దల కూడికకు పిలిస్తే గంటన్నరలో లెక్క వేసే పద్ధతి చూపించి వెళ్తాం, శనివారం పగటిపూట అయితే అందరికీ వీలు. మీ జవాబు కోసం ఎదురుచూస్తుంటాం.

ప్రభువు ప్రేమలో,
బెంగళూరు తెలుగు సంఘాల్లో బైబిలు బోధ, కుటుంబ సలహా పరిచర్యలో ఉన్న కొందరు విశ్వాసులు